గోడకి ఇస్త్రీ

అతను పాత దుప్పటి ముక్కని ఎడమచేత్తో గోడకి అదిమిపట్టి, కుడిచేత్తో ఇస్త్రీపెట్టెని పైనుంచి కిందికి నడిపిస్తున్నాడు. చుయ్‌మని ఆవిరి లేస్తోంది. పద్దెనిమిదేళ్లుగా లాండ్రీలో ఊరందరి చొక్కాలకీ ఇస్త్రీ చేసిన చెయ్యి అది. తడి కనబడితే ఊరుకోదు, గోడైనా సరే.

అమ్మ గుమ్మం బయట కూర్చుని, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె మంచం ఉండేది ఆ గోడ పక్కనే. మూడు నెలలుగా ఆమెకి ఊపిరి సరిగ్గా ఆడటం లేదు. చెమ్మకి గోడ మీద పట్టిన బూజే కారణమని డాక్టరు తేల్చి చెప్పాడు. ఉన్నది ఒకటే గది, మంచం ఎటు జరిపినా ఆ గాలే పీల్చాలి. పై వాటా పైపు కారుతోందని ఇతనంటాడు. తడిబట్టలు లోపల ఆరేస్తున్నారని ఇంటి ఓనరంటాడు. నాలుగుసార్లు తిప్పించుకున్నాక, ఇవాళ పొద్దున్నే వచ్చి చూస్తానన్నాడు.

పెద్దమనిషి వస్తున్నాడు, గది శుభ్రంగా ఉండొద్దూ? అందుకని రోజూ చేసేదానికంటే రెండు చుట్లు ఎక్కువే తిప్పాడు. బ్రష్షుతో బూజంతా గోకేశాడు కూడా. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

ఓనరు వచ్చి గోడకి అరచెయ్యి ఆనించాడు.

"ఏదయ్యా చెమ్మ? వెచ్చగా ఉంటేనూ!"

"సాయంత్రానికి మళ్ళీ ఊరుతుందండీ. రోజూలాగే ఇప్పుడే ఇస్త్రీ చేశాను."

"గోడకా?" ఓనరు పకపకా నవ్వాడు. "రోజూ గోడకి ఆవిరి పట్టించి, పైపు కారుతోందని నా మీద పెడతావా? నువ్వు చేసింది నువ్వే బాగు చేయించుకో."

ఆ రోజు లాండ్రీలో కాలు ఒకచోట నిలవలేదు. ఒకే చొక్కా తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. మధ్యాహ్నానికి ఒక ఉపాయం తట్టింది. నాలుగు రోజులు గోడ జోలికి పోకూడదు. నీళ్ళు కారనీ, బూజు పెరగనీ, అప్పుడు చూపించాలి. మనసాగక పెందలాడే ఇల్లు చేరాడు.

గుమ్మంలో అక్క, చేతిలో అమ్మ బట్టల సంచి. అమ్మే కబురు పెట్టిందట, తీసుకెళ్ళమని.

"నాలుగు రోజులు ఓపిక పట్టవే అమ్మా. గోడని అలాగే వదిలేసి ఆయనకి చూపిస్తా."

"చూపించరా. ఆ నాలుగు రోజులూ ఊపిరి పీల్చాల్సింది నేను కదా?"

ఆమె గొంతులో కోపం లేదు. అందుకే అతనికి ఏడుపొచ్చింది. అక్క భుజం పట్టుకుని, మెట్టుకోసారి ఆగుతూ అమ్మ దిగి వెళ్ళిపోయింది.

వాళ్ళెక్కిన బండి మలుపు తిరిగేదాకా చూసి లోపలికొచ్చాడు. గోడ అప్పుడే చెమరుస్తోంది. మంచం మీద దిండు ఉండిపోయింది. మరిచిపోయిందేమో, పరిగెత్తి ఇచ్చొద్దామని చేతిలోకి తీసుకున్నాడు. పైవైపు తెల్లగా, శుభ్రంగా ఉంది. తిప్పితే ఆ వైపంతా, ఇన్నాళ్ళూ కొడుకు కంటబడకుండా ఆమె తలకింద దాచుకున్న నల్లటి బూజు.