డైరీలో రాసిన రిజాయిస్

కూతురు క్లారా స్కూలు డైరీలో టీచరమ్మ ఎర్ర ఇంకుతో రాసిన ఇంగ్లీషు వాక్యంలో సుకుమారికి అర్థమైన మాట ఒక్కటే: రిజాయిస్. ఏడో తరగతిలోనే చదువు ఆగిపోయినా ఆ మాట ఆమెకు తెలుసు. చర్చి గోడ మీద పెద్దక్షరాలతో ఉంటుంది. ఆనందించడమని పాస్టరమ్మ చెప్పింది.

పిల్లను ఎల్కేజీలో వేసి నెల కాలేదు. గడ్డపోతారం మందుల కంపెనీలో డబ్బాలు ప్యాక్ చేస్తున్నంతసేపూ సుకుమారికి ఒకటే గుబులు, బిడ్డ అక్కడ ఎట్లుందోనని. ఆ మాట చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలును అందరి ముందూ సాక్ష్యంగా చెప్పే వేళ లేచి నిలబడింది.

"మా క్లారా బడిల రిజాయిస్ అయితుందని టీచరమ్మ రాసింది. దేవునికి స్తోత్రం."

చర్చంతా స్తోత్రమంది.

సాయంత్రం, ఇంటి ఓనరు కూతురు ఇస్మత్‌కు మురిపెంగా డైరీ చూపించింది. రుద్రారంలో డిగ్రీ చదివే ఆ పిల్ల రెండుసార్లు చదివింది.

"అక్కా, సంతకం పెట్టినవా?"

"ఇంకా లేదు. ఏమైంది?"

"వేరే పిల్లలు ఏడుస్తుంటే మీ పాప సంతోషపడుతుందట. నిన్ను వచ్చి కలవమని టీచర్ రాసింది."

"సంతోషపడితే తప్పేంది చెల్లె?"

"సంతోషం తప్పు గాదు. దేన్ని చూసి అన్నదే లొల్లి."

"చర్చిల అందరు స్తోత్రం అన్నరు గదా."

"వాళ్ళు చదివిండ్రా?"

"నేనే చదివి చెప్పిన."

"మంచిగ చదివినవ్ పో," అంటూ ఇస్మత్ చున్నీతో నవ్వు దాచుకుంది.

సుకుమారి డైరీ వెనక్కి తీసుకుంది. ఎసుంటి బిడ్డను కన్నది తను? వచ్చే ఆదివారం మళ్ళీ లేచి, నా సాక్ష్యం తప్పని చెప్పాలా? గడప మీద బిస్కెట్ తింటున్న క్లారాను దగ్గరకు లాక్కుంది.

"బడిల పిల్లలు ఏడుస్తుంటే నువ్వేం జేస్తవ్ బిడ్డా?"

"నవ్వుతా."

"ఎందుకే?"

"నేను గేటుకాడ ఏడిస్తే నువ్వు నవ్వుతవ్ గదా. గట్లనే. వాళ్ళ మమ్మీలు అక్కడ లేరు గదా, అందుకే నేను నవ్వుతా."

 కంపెనీ బస్సు హారన్ కొడుతుంటే, కళ్ళలో నీళ్ళు బిడ్డకు కనబడొద్దని సుకుమారి రోజూ బడి గేటు దగ్గర నవ్వే నవ్వు అది.

"దీన్ని ఇంగ్లీషుల ఏమంటరు ఇస్మత్?"

ఇస్మత్ పెన్ను మూత తీసింది, మళ్ళీ పెట్టింది. "నాకు గూడ తెల్వదక్కా."

సుకుమారి సంతకం పెట్టకుండానే డైరీ మూసేసింది. రేపు బస్సు పోతే పోనీ, తనే బడి లోపలికి పోయి టీచరమ్మకు చెబుతుంది. ఎట్లా మొదలుపెట్టాలో మాత్రం ఆమెకింకా తోచలేదు.