నిలువు గీతకు వాలు లేదు

దొంగలు మీరు. మా ఆయన, మా అత్తగారు, గుమ్మం ముందు చెప్పులు విడిచి "జగ్‌దాళే సర్ చెబితే రాయికైనా లెక్కలొస్తాయి" అని చేతులు జోడించే తల్లిదండ్రులు, అందరూ దొంగలే. సర్‌గా మా ఆయన చెప్పే లెక్క పొయ్యి దగ్గర ఎవరు చేసిస్తున్నారో మీకు తెలుసు. తెలిసీ నా చేతినుంచి టీ అందుకుని, నా ముఖం చూడకుండా తాగారు.

సాంగ్లీలో మా ఇంటి ముందుగదే ట్యూషన్ క్లాసు. వెనక వంటగది, మధ్యలో గోడ. బి.ఎస్సీ. లెక్కల్లో నాకు ఆయనకంటే ఎక్కువ మార్కులొచ్చాయని పెళ్లిచూపుల్లో అందరూ ముచ్చటపడ్డారు. పెళ్లయ్యాక ఆ ముచ్చటను పొయ్యి దగ్గర కూర్చోబెట్టారు. పెనం మీద జొన్నరొట్టె పొంగేలోపు ఒక సమీకరణం తేల్చడం నాకలవాటు. రెండు బిందువులిచ్చారా, గీత పైకెంత ఎక్కిందో పక్కకెంత జరిగిందో చూడు, దాన్ని దీంతో భాగించు, అదే వాలు. వాలు తెలిసి ఒక్క బిందువు దొరికితే చాలు, గీత మొత్తం నీ చేతికొచ్చినట్టే. నేను చేసింది ఆయన పట్టుకెళ్లి చెబుతారు. అవతల పిల్లలు నవ్వితే ఇవతల పిండి చేతులతో నేనూ నవ్వుతాను. నా నవ్వు ఎవరికీ వినపడదు. ఉప్పు అయిపోయింది, పాలవాడు రాలేదు, గ్యాసు చెప్పాలి, నా నోటినుంచి ఏళ్ల తరబడి వచ్చిన మాటలివే. పుట్టింట్లో నేను హేమలతను. పెళ్లిలో ఆయన పళ్లెంలో బియ్యం పరిచి ఉంగరంతో 'సంజీవని' అని రాశారు. మాలో అంతే, మొగుడు రాసిందే పేరు. ఇప్పుడు ఆ పేరుతోనూ ఎవరూ పిలవరు. సర్ వాళ్లావిడను. ఒక్కోసారి గిన్నెలు తోముతూ నా పాత పేరు నేనే మెల్లగా పిలుచుకుంటాను. పలకాలో వద్దో తెలియదు.

పోయిన వారం ఆయన గొంతు పోయింది. పరీక్షలు నెత్తిమీదున్నాయి.

"నువ్వొచ్చి బోర్డు మీద రాయి. మాట్లాడకు, ఏం రాయాలో నేను చూపిస్తా," అన్నారు గుసగుసగా.

"కొంగు నిండా కప్పుకో. మగపిల్లలూ ఉంటారు," అన్నారు అత్తగారు.

వెళ్లాను. (2, 3), (4, 7). వాలు రెండు. y − 3 = 2(x − 2). అంటే y = 2x − 1. పిల్లలకు వీపు చూపిస్తూ మూగదానిలా రాశాను. తర్వాతి లెక్క (3, 1), (3, 5). ముందు బెంచీలోంచి రుతుజా అనే అమ్మాయి లేచింది.

"పక్కకి జరగనే లేదు కదా సర్. కింద సున్నా వచ్చింది. అయితే వాలు సున్నా, సమీకరణం y = 1."

ఆయన విన్నారో లేదో, తలూపి తర్వాతి లెక్క రాయమని వేలు చూపించారు. నా చెయ్యి కదల్లేదు. అది తప్పని తెలిసీ వదిలేస్తే ఇంక నాకంటూ మిగిలేదేముంది? వెనక్కి తిరిగాను.

"రుతుజా, నీ గీత మీద రెండో బిందువుందేమో చూడమ్మా."

ఆ గదిలో నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. ఆ పిల్ల బోర్డు వంక చూసి పెదవి కొరుక్కుంది.

"లేదు కాకూ," అంది, మా వైపు పిన్నిని పిలిచినట్టే. "అది పైనెక్కడో ఉంది."

"మరి నిలబడ్డ గీతను పడుకోబెట్టేశావు కదా. సున్నాతో భాగించలేం, అందుకని దీని వాలు చెప్పలేం. వాలు చెప్పలేనంత మాత్రాన గీత లేకుండా పోతుందా? ఎక్కడ పట్టుకున్నా x మూడే. x = 3. అదే దీని సమీకరణం."

"ఇన్నాళ్లూ ఎక్కడున్నారు కాకూ?" అన్నాడు వెనక బెంచీవాడు.

"గోడవతల," అన్నాను. అందరూ నవ్వారు. హాస్యమనుకున్నారు.

క్లాసయ్యాక రొట్టె వడ్డిస్తుంటే ఆయన కంచం జరిపేశారు.

"మాట్లాడొద్దన్నానా లేదా?"

"తప్పును వదిలేయమంటారా?"

"ఒక్క మార్కు లెక్క. దానికోసం పదిమందిలో నా పరువు తీస్తావా? గొంతు వచ్చేస్తోంది. రేపట్నుంచి నువ్వు లోపలే ఉండు."

"లోకం లెక్కలన్నీ సరిచేస్తుంది మా కోడలు," అన్నారు అత్తగారు రొట్టె తిప్పి చూస్తూ. "మాడిన రొట్టెను మాత్రం ఎవరు సరిచేస్తారో."

నేనూ ఒక రొట్టె వేసుకుని వాళ్ల ఎదురుగానే కూర్చుని తిన్నాను. వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. నాతో ఎవరూ మాట్లాడలేదు. అప్పుడే తేల్చుకున్నాను.

ఇక వినండి. నేను చేసిన లెక్క నేనే చెబుతాను, ఇంకొకరి నోటికి అందించను. సాయంత్రం ఆరింటి బ్యాచ్ నాది. ఆయనకు గొంతొచ్చినా నాదే, రాకపోయినా నాదే. తల్లిదండ్రులారా, మీ పిల్లలకు చెబుతున్నదెవరో ఇప్పుడైనా పైకి అనండి. ఆ వేళకు ఇంట్లో ఆకలైతే జొన్నపిండి డబ్బా కింది అరలో ఉంది, పెనం పక్కనే ఉంది, కాల్చుకోండి. ఏమండీ, రేపు ఆరు కొట్టేసరికి చాక్‌పీసు నా చేతిలో పెట్టి, మీరు ఆ సర్ కుర్చీలోంచి లేవండి.