కార్డు నింద

ఆ శుక్రవారం పొద్దున్నే లాండ్రీ అక్కకు ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి! పన్నెండేళ్ళుగా ఆ వీధిలో బట్టలు ఉతికి ఇస్తోంది. జేబుల్లో ఉంగరాలు దొరికాయి, తాళాలు దొరికాయి, ఒకసారి ఎవరిదో పెట్టుడు పన్ను కూడా దొరికింది. దొరికింది దొరికినట్టే చిన్న కవరులో వేసి, చొక్కా కాలరుకు పిన్నీసుతో గుచ్చి ఇవ్వడం ఆ షాపు పద్ధతి. అలాంటి మనిషిని పట్టుకుని దొంగ అంటే ఊరుకుంటుందా?

అన్నది కళ్ళజోడాయన. పక్కవీధి బీమా ఆఫీసులో హెడ్ గుమస్తా. పోయిన శనివారం ఆయన చొక్కా జేబులో క్రెడిట్ కార్డు ఉండిపోయింది. జేబులు తడిమే పని అక్క తోడికోడలిది. ఆ రోజు ఏ ధ్యాసలో ఉందో ఏమో, కార్డు కాస్తా వాషింగ్ మెషీన్‌లో మునిగి, ఇస్త్రీపెట్టె కింద నలిగి, వెనకున్న అక్షరాలు చెరిగిపోయి వంకరగా బయటపడింది. సోమవారం అక్క దాన్నీ కాలరుకు గుచ్చి, "తప్పు మాదేనండీ, కొత్తది తెప్పించుకోండి" అని చెప్పి మరీ ఇచ్చింది. అప్పుడాయన నవ్వేసి వెళ్ళిపోయాడు.

శుక్రవారం మాత్రం షాపు నిండా జనం ఉండగా వచ్చాడు.

"నా కార్డు మీద ఎవరో నాలుగుసార్లు కొన్నారు. రెండు రోజులు కార్డు మీ దగ్గరే ఉంది. నంబర్లు రాసుకోడానికి అంతకంటే ఏం కావాలి?"

కౌంటరు మీద బట్టలు పెట్టినావిడ మెల్లగా మూట వెనక్కి తీసుకుంది. అది అక్క కంటపడింది. ఆ షాపుకు ఉన్న ఆస్తల్లా నమ్మకమే. అది పోతే షట్టరు దించుకోవాల్సిందే.

"పోనీ అక్కా, ఎంతో కొంత ఇచ్చి నోరు మూయిద్దాం," అని తోడికోడలు గొణిగింది.

"ఇస్తేనే పోతుందే పరువు! చెయ్యని దొంగతనానికి జరిమానా కడతామా?" అక్క ఆయన వైపు తిరిగింది. "ఏమండీ, నాకూ ఉంది కార్డు. ఫోన్‌లో సబ్బు పొడి తెప్పించుకున్నా ఓటీపీ అడుగుతుంది. మీ ఓటీపీ మీ ఫోన్‌కొచ్చిందా, నా ఇస్త్రీ బల్ల మీదికొచ్చిందా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అవన్నీ నాకు తెలీదు."

"తెలీకపోతే తెలుసుకుందాం, పదండి బ్యాంకుకి. రాకపోతే చెప్పండి, పోలీసుల దగ్గరికి నేనే పోతాను."

అందరూ చూస్తున్నారు. ఆయనకు వెళ్ళక తప్పలేదు.

బ్యాంకులో కార్డులు చూసే ఆఫీసరమ్మ కంప్యూటరు చూసి, "నాలుగిటికీ మీ ఫోన్‌కే ఓటీపీ వెళ్ళింది సార్. మొదటిది మంగళవారం మధ్యాహ్నం. అప్పుడు మీతో ఎవరైనా ఫోన్‌లో మాట్లాడారా?" అంది.

ఆయన ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. అక్క చేతులు కట్టుకుని, "చెప్పండి. నేనిక్కణ్ణించి కదలను," అంది.

చివరికి కక్కాడు. కొత్త కార్డు కోసం బ్యాంకుకు ఫోన్ చేద్దామంటే, కార్డు వెనకున్న బ్యాంకు ఫోన్ నంబరు చెరిగిపోయింది. ఇంటర్నెట్‌లో దొరికిన నంబరుకు చేశాడు. అవతలివాడు చెప్పిన యాప్ వేసుకున్నాడు, అడిగిన కార్డు వివరాలూ, ఓటీపీ చెప్పేశాడు.

"మోసాల గురించి ఆఫీసులో అందరికీ క్లాసు పీకేది నేనే. నేనే మోసపోయానని ఏ మొహం పెట్టుకుని చెప్పను?" అన్నాడు.

"మంగళవారమే చెప్పుంటే కార్డు ఆపేసేవాళ్ళం. ఒక్కసారితో పోయేది," అంది ఆఫీసరమ్మ. "మిగతా ఓటీపీలు వాళ్ళు ఆ యాప్‌లోంచే చూసుకున్నారు."

అక్క మనసు ఒక్క క్షణం చివుక్కుమంది. "నంబరు చెరిపింది మా ఇస్త్రీపెట్టే. ఆ తప్పు నాది, ఆ రోజే ఒప్పుకున్నాను. ఇక మీది మీరు ఒప్పుకోండి."

"క్షమించమ్మా. ఇక్కడితో వదిలెయ్."

"నింద పదిమందిలోనా, క్షమాపణ చాటునా? కుదరదు సార్!"

మళ్ళీ షాపు. ఆయన గుమ్మంలో నిలబడి ఏదో గొణిగాడు.

"గట్టిగా సార్. వెనకాలవాళ్ళకి వినపడలేదు."

ఆయన గొంతు పెంచాడు. "వీళ్ళు ఏమీ తియ్యలేదు. ఎవడో బ్యాంకువాణ్ణంటే నమ్మి యాప్ వేసుకున్నది నేను, ఓటీపీ చెప్పింది నేను. సిగ్గేసి వీళ్ళ మీదికి తోశాను."

ఎవరూ నవ్వలేదు. వరుసలో నిలబడ్డ రిటైరైన బస్సు డ్రైవరు మొహం మాత్రం పాలిపోయింది.

"అమ్మాయ్," అన్నాడాయన, ఫోన్ ముందుకు చాపి. "ఇందాకే నాకూ బ్యాంకు అంటూ ఒకడు చేశాడు. యాప్ వేసుకున్నాను. ఇంట్లో తిడతారని ఎవరికీ చెప్పలేదు."

అక్క ఒక్క అంగలో ఆయన దగ్గరికి చేరి ఫోన్‌లో ఇంటర్నెట్ ఆపేసింది. "సిగ్గుపడ్డం తర్వాత బాబాయ్! ముందు కార్డు తియ్యి, వెనకున్న బ్యాంకు నంబరు చదువు!"