బిగుసుకుపోయే కంప్యూటరూ మా ఆయనా

పెళ్లయి నెల కాలేదు, అప్పుడే మా ఆయన మీద నాకు అనుమానం మొదలైంది. ఉద్యోగానికి దరఖాస్తు నింపుదామని నేను కూర్చుంటే చాలు, ఇంట్లోని పాత కంప్యూటర్ బిగుసుకుపోతుంది. ఆయన కూర్చుంటే మాత్రం బుద్ధిగా పనిచేస్తుంది. నేను ఉద్యోగానికి వెళ్లడం ఇష్టం లేదేమో! గడువు ఈ సాయంత్రమే. కాఫీ పెడతానని లేచి, తలుపు చాటునుంచి తొంగిచూశాను. ఆయన బల్ల కింద దూరి, కంప్యూటర్ డబ్బా వెనక చెయ్యి పెట్టారు.

"దొరికారు! ఏ తీగ పీకుతున్నారు?"

"తీగ కాదు తల్లీ, నువ్వు కుట్టిన పూల తొడుగు! దాంతో గాలాడక వేడెక్కి ఆగిపోతోంది. చెబితే చిన్నబుచ్చుకుంటావని, నేను కూర్చున్నప్పుడు తీసి, మళ్లీ తొడిగేస్తున్నా."

తొడుగు లాగి పారేశాను. దరఖాస్తు ఇట్టే వెళ్లిపోయింది. ఆయన ముద్దొచ్చారు గానీ, కొత్త అనుమానం పట్టుకుంది.

"ఏమండీ, నా వంట నిజంగానే బాగుంటుందా?"