తట్టిన చేయి

సకలజనుల సమ్మెలో కోరుట్ల దుకాణాలన్నీ మూతపడ్డాయి. ఇనాయతుల్లా మాత్రం షటర్ దించి లోపల జిరాక్స్ తీస్తున్నాడు. తెలిసినవాళ్లు రెండుసార్లు తట్టి, ఆగి, మరొకసారి తడితే తెరిచేవాడు. నా థీసిస్ అక్కడే ఉంది.

పిండిని పులియబెట్టే ఈస్ట్ మీద రాశాను. గెలాక్టోజ్ అనే చక్కెర దొరికితే దాన్ని అరిగించే జన్యువులు మేల్కొంటాయి. వాటి పక్కన ఒక ప్రొటీన్ ముందే కాచుకుని ఉంటుంది. చోటు తెలిసింది దానికే, కానీ ఒంటరిగా ఏమీ చేయలేదు. కోయాక్టివేటర్లనే తోడు ప్రొటీన్లను పిలుస్తుంది. ఆ చోటు వాటికి తెలియదు. పిలిచినదాన్ని పట్టుకుని వచ్చి, బిగుసుకున్న డీఎన్ఏ చుట్టను వదులు చేస్తాయి. జన్యువును చదివే యంత్రం అప్పుడు లోపలికి దూరుతుంది.

మధ్యాహ్నం నేను వెళ్లేసరికి దుకాణం ముందు నా పాత విద్యార్థి గోవర్ధన్ నిలబడి ఉన్నాడు. వెనుక ఇరవై మంది, చేతుల్లో కర్రలు.

"లోపట మిషన్ నడుస్తుంది సార్. ఎంత గుద్దినా తెరుస్తలేడు."

"నాకేం తెల్సు?"

"మీ పుస్తకం గీడనే తయారైతుందట గద. తెలంగాణ అందరికి గావాలె, సమ్మె మాకొక్కలకేనా?"

"సారు ఏ దిక్కున్నడో అడుగన్నా" అన్నాడు వెనుక ఒకడు. అందరూ నవ్వారు.

నన్ను కదిలించింది భయం కాదు. ఆ నవ్వులో నేనూ ఉండాలన్న ఆశ.

"కొట్టద్దు. బంద్ చెయ్యమని చెప్పుండ్రి, అంతే" అన్నాను.

రెండుసార్లు తట్టాను. ఆగాను. మరొకసారి తట్టాను.

షటర్ మోకాలెత్తు లేవగానే ఎన్నో చేతులు లోపలికి దూరాయి. ఇనాయతుల్లాను మెడ పట్టి బయటికి ఈడ్చారు. మిషన్ అద్దం పగిలింది. కర్ర మొదట భుజం మీద, తర్వాత ముఖం మీద పడింది. అతను కంటిమీద అదుముకున్న వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారింది. "ఉండుండ్రి" అన్నాను. ఎవరూ నావైపు చూడలేదు. నాతో వాళ్లకు పని అయిపోయింది.

సాయంత్రం జగిత్యాల ఆసుపత్రికి వెళ్లాను. కుడికన్ను పోయిందని అతని భార్య కుల్సుమ్ బీ చెప్పింది. నా గొంతు విని ఇనాయతుల్లా తల తిప్పాడు.

"సార్, నీకు దెబ్బలు తాకలే గద?"

"లేదు."

"నీ తట్టుడే అని ఎరుక పట్టిన. నిన్ను తరుముతున్నరనుకున్న. గందుకే జల్ది లేపిన."

కుల్సుమ్ బీ కళ్లు తుడుచుకుని నాకోసం స్టూల్ జరిపింది.

"కూసో సార్. శాన దూరం నుంచి అచ్చినవ్."

కూర్చున్నాను.