కళ్ళాపి కాదు, తడి

ఉజ్బెకిస్తాన్‌లోని గిజ్దువాన్ ఊళ్ళో కోడలి మంచితనం సూర్యుడికంటే ముందే తేలిపోవాలి. తెల్లవారేసరికి ఎవరి వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, దుమ్ము అణిగి ఉందో ఆ ఇంటి కోడలే మంచిది. మిగతా గుణాల సంగతి తీరిగ్గా చూసుకోవచ్చు. ఈ పరీక్షలో మస్తూరా మూడేళ్ళుగా ఫస్టు. ఆమె అత్త హోసియత్ పేటలో తలెత్తుకు తిరిగేది ఈ కళ్ళాపి పుణ్యానే.

అందుకే, బడి పక్క బీడులో నలభై దుబ్బులు అలంకారపు గడ్డి నాటించి, ఎవరు చూసుకుంటారని పేట సంఘం అడిగినప్పుడు అందరూ మస్తూరా పేరే చెప్పారు. వచ్చే మార్చిలో నౌరోజ్ పండగ నాటికి అవి బతికుంటే పేటలోని తోటలన్నీ ఆమెకే అప్పగిస్తానని, జీతం కూడా ఇప్పిస్తానని సంఘం పెద్ద షాద్మాన్ మాటిచ్చాడు. హోసియత్ కూడా ఒక మాట అంది.

"నౌరోజ్ దాకా చూస్తా. బతికితే వెళ్ళు. చస్తే మాత్రం మళ్ళీ ఈ పని ఊసెత్తకూడదు."

గడప బయట తనదంటూ ఒక పని ఉండాలని మస్తూరాకు ఎంత ఆశో ఎవరికీ తెలియదు. మొగుడికి ఒకసారి చెప్పింది. అతను నవ్వి అటు తిరిగి పడుకున్నాడు.

మే నెల నుంచి ఆమె తనకు తెలిసిన పద్ధతిలోనే నీళ్ళు పోసింది. వాకిలి పని అయ్యాక బకెట్ పట్టుకెళ్ళి, ఒక్క దుబ్బునూ వదలకుండా దోసిళ్ళతో చల్లేది. జూలై వచ్చేసరికి ఆకుల కొసలు మాడాయి. దుబ్బులు నడుం విరిగినట్టు పక్కకు వాలాయి. మొదళ్ళ దగ్గర నేల తెల్లగా పేరుకుంది. ఎండ దెబ్బేమోనని రోజుకు రెండుసార్లు చల్లింది. అవి ఇంకా వాలిపోయాయి.

కాలువ నీళ్ళను పొలాలకు వంతులేసి పంచడంలో జీవితమంతా గడిపిన కిలిచ్ తాత ఓ ఉదయం అక్కడ ఆగాడు. ఎనభై దాటినా, ఎవరి నీళ్ళు ఎటు పారుతున్నాయో చూడకపోతే ఆయనకు టీ సయించదు. చేతిలోని ఇనప చువ్వను ఒక దుబ్బు మొదట్లో గుచ్చాడు. వేలెడు దిగి ఆగిపోయింది.

"ఇదేంటమ్మాయ్?"

"గడ్డి తాతా."

"గడ్డి అని నాకూ కనబడుతోందిలే. నువ్వు చేసేదేంటి?"

"నీళ్ళు పోస్తున్నా."

"ఇది కళ్ళాపి. దుమ్ము అణగడానికి పనికొస్తుంది. గడ్డికి కావలసింది తడి." ఆ తెల్లటి పొరను గోటితో గీకి నాలుక మీద పెట్టుకుని, తుపుక్కున ఉమ్మేశాడు. "ఉప్పు. మన నేలలో దీనికేం కరువు లేదు. పైపైన చల్లావంటే నీళ్ళు ఎండకు ఎగిరిపోతాయి, ఉప్పు మిగులుతుంది. వేళ్ళు పైపైనే తచ్చాడుతూ దాన్నే తాగుతాయి. చుట్టూ గట్టు వేసి పిల్లకాలువ తిప్పు. ఈ చువ్వ మోచేతి లోతు దిగేదాకా తడి పెట్టు. ఆ తర్వాత ఎనిమిది రోజులు దాని మొహం చూడకు."

"ఈ ఎండల్లో ఎనిమిది రోజులా! చచ్చిపోదూ?"

"దాహం వేస్తేనే వేరు కిందికి దిగుతుంది. రోజూ నోట్లో పెడుతుంటే కొడుకైనా ఇల్లు కదలడు."

మస్తూరా అలాగే చేసింది. ఇక రోజూ బకెట్‌తో కనబడకపోయేసరికి, రొట్టెల పొయ్యి దగ్గర ఆడవాళ్ళకు పని దొరికింది. "నీ కోడలికి అప్పుడే మొహం మొత్తిందా హోసియత్?" అని ఒకరంటే, "పాపం, నిద్ర చాలడం లేదేమో" అని ఇంకొకరు.

ఐదోరోజు పొద్దున్నే మస్తూరా వెళ్ళి చూస్తే, అత్తగారు బకెట్‌తో దుబ్బుల మధ్య వంగి ఉంది.

"అత్తయ్యా, ఏం చేస్తున్నారు?"

"నీ పరువు నిలబెడుతున్నా. పేటంతా నన్ను చూసి నవ్వుతోంది."

"ఇలా చల్లకూడదు అత్తయ్యా."

"ముప్ఫై ఏళ్ళు చల్లాను. ఏం కొంప మునిగింది?"

"వాకిలికి వేళ్ళుండవు కదా అత్తయ్యా."

హోసియత్ బకెట్ అక్కడే వదిలేసి విసవిసా వెళ్ళిపోయింది. రెండు రోజులు కోడలితో మాట్లాడలేదు. అయినా మస్తూరా మిగిలిన మూడు రోజులూ గడ్డికి చుక్క పోయలేదు.

సెప్టెంబరుకల్లా దుబ్బులు నిటారుగా లేచి, తెల్లటి వెన్నులు వేశాయి. చల్లబడేకొద్దీ తాత తడులు ఎడం చేయించాడు. ఇరవై రోజులకొకటి, చెట్ల ఆకులు రాలాక అదీ లేదు. కానీ ఆ చలికాలం మంచూ పడలేదు, వానా పడలేదు. జనవరిలో కాస్త ఎండ కాసిన ఒక మధ్యాహ్నం తాత తలుపు కొట్టాడు. "యఖోబ్ పెట్టాలి" అన్నాడు. చలికాలపు తడికి పొలాల్లో వాడే మాట అది. ఆ తడి ఉప్పును అడుక్కి దించుతుంది, వేసవికి నేలలో తేమ పదును దాస్తుంది. మస్తూరా మోకాళ్ళ దాకా బురదలో దిగి కాలువ తిప్పుతుంటే, దారిన పోయేవాళ్ళు గడ్డికి జలుబు చేస్తుందని నవ్వారు. ఫిబ్రవరి చివర్లో ఎండు ఆకును జానెడు ఎత్తుకు కోసేసింది.

నౌరోజ్ వచ్చింది. గడ్డి రాలేదు.

పండగ పొద్దున షాద్మాన్ ఇద్దరు మనుషులతో, పారలతో, బండెడు గులాబీ అంట్లతో దిగాడు. "పండగపూట ఈ చీపురుకట్టలేంటమ్మా? తీసేద్దాం."

"ఇది నేల వేడెక్కితే గానీ లేవని రకం అన్నా. రెండు వారాలు ఆగండి."

"నౌరోజ్ దాకా అనుకున్నాం. మాటంటే మాటే."

ఆ పక్కనే హోసియత్ ఆడవాళ్ళతో కలిసి గోధుమ మొలకల పాయసం సుమలక్ గంగాళం కలియబెడుతోంది. గరిటె పక్కావిడ చేతిలో పెట్టి వచ్చింది. ఆమె మాట కూడా నౌరోజ్ దాకానే. ఏం అంటుందో మస్తూరాకు తెలుసు. తల వంచుకుంది.

కొడుకు పెళ్ళికి కుట్టించుకున్న పట్టు గౌనుతోనే హోసియత్ దుబ్బు పక్కన చతికిలబడి, వేళ్ళతో మట్టి తవ్వింది. మణికట్టు దాటింది. మోచేయి దాకా వెళ్ళింది. రెండు నెలలుగా చుక్క నీరు తగలని నేల లోపల చల్లగా, పదునుగా ఉంది. ఒక గుప్పెడు తీసి పిండి చూసింది. ముద్ద కట్టింది.

"షాద్మాన్, పోయినేడు నువ్వు నాటించిన గులాబీలు ఎన్ని బతికాయి?"

షాద్మాన్ మీసం సవరించుకున్నాడు.

"పారలు బండెక్కించు. గడువు పెట్టింది నేను కూడా. పదిహేను రోజులు పెంచుతున్నా."

పన్నెండో రోజున మొలకలొచ్చాయి. ఎండు మొదళ్ళ మధ్య సూదుల్లా పచ్చటి మొనలు. మస్తూరా మూడుసార్లు లెక్కపెట్టింది. నలభైలో ముప్ఫై ఏడు. అక్కడే కూర్చుని ఏడ్చింది.

సాయంత్రం షాద్మాన్ ఇంటికొచ్చాడు. పద్ధతి ప్రకారం పెద్దావిడ ఎదుట కూర్చుని, రొట్టె విరిచి, గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, తోటల పనికి మీ కోడల్ని పంపుతారా?"

హోసియత్ ఆయన గిన్నెలో టీ పోస్తూ తలెత్తలేదు.

"పని చేసే మనిషి ఎదురుగా ఉంటే నన్నడుగుతావేంటయ్యా?"

షాద్మాన్ తడబడి మస్తూరా వైపు తిరిగాడు. ఈ ఇంటికొచ్చి నాలుగేళ్ళు కావస్తున్నా, ఏ విషయంలోనూ ఎవరూ ఆమెను అడగలేదు. ఇద్దరూ ఆమె మాట కోసం ఆగారు.

"చేస్తాను" అంది.