ఖాళీ అని రాసిన డిస్కు

సంచి అడుగున ముందు తువ్వాలు పరిచాను. దాని మీద నాగేంద్ర స్క్రూడ్రైవర్లు, టార్చి, గుడ్డలో చుట్టిన రెండు సీడీలు పెట్టాను. పక్కన పెరుగన్నం డబ్బా దూర్చబోతే వాడు తీసేశాడు.

"పెరుగు కారితే సీడీలు పోతాయి అత్తా. కుప్పంలో హోటళ్ళు ఉండాయి లే."

"దోవలో బస్సు చెడిపోతే?"

"నువ్వు ఎప్పుడు బస్సెక్కినా అదే మాట. ఒక్కసారన్నా చెడిపోయిందా?"

చెడిపోలేదు. అయినా డబ్బాను నా చేతిసంచిలో పెట్టుకున్నాను. ఇంట్లో ఎవరు సంచి సర్దుకుని వెళ్ళినా, తిరిగి వచ్చేదాకా నేను వాకిట్లోనే కూర్చుంటాను. అందుకే ఈసారి వాడి వెంట నేనూ బయలుదేరాను. అది ఒక్కటే కారణం కాదు.

నాగేంద్ర మా అన్న కొడుకు. మదనపల్లెలో కంప్యూటర్లు బాగుచేస్తాడు. కుప్పంలో పల్లెపాటలు సేకరించే చిన్న సంస్థ ఒకటి ఉంది. వాళ్ళు ఊరూరా తిరిగి ముసలివాళ్ళ చేత పాడించిన పాటలన్నీ ఒక సర్వర్ పెట్టెలో దాచారు. క్యాసెట్లు బూజు పట్టి పాడైపోయాయి కాబట్టి పాటలు మిగిలింది ఆ పెట్టెలోనే. దసరాకు ముందు అందులోని హార్డ్ డిస్కు టిక్కుటిక్కుమంటోందనీ, భయమేసి ఆపేశామనీ అక్కడ పనిచేసే స్వర్ణలత ఫోన్ చేసింది. ఆ డిస్కులో మా చెల్లెలు రెడ్డెమ్మ పాట ఉంది. రామకుప్పం అవతల రాగిచేనులో ఏనుగులు పడకుండా మంచె మీద కూర్చుని పాడే పాట. రెడ్డెమ్మ ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. ఆమె గొంతు ఆ డిస్కులో తప్ప ఇంకెక్కడా లేదు.

బస్సులో పుంగనూరు వచ్చేదాకా నన్ను ఒకటే సందేహం తొలిచింది. చివరికి అడిగేశాను.

"కుండకు చిల్లు పడిందేమో సూడాలంటే నీళ్ళు పోసి సూస్తాం. లోపల నెయ్యి ఉంటే ఎట్ల పోస్తావప్పా?"

"దానికి మూడు దోవలుండాయి అత్తా. ఒకటి ఊరికే తొంగి సూసేది. డిస్కు మొత్తం చదువుకుంటా పోతాం, ఏమీ రాయం. నెయ్యికి ఏం కాదు. రెండోది నీళ్ళు పోసేది. మొదటి నుంచి చివరి దాకా ఏదో ఒకటి రాసి, రాసింది రాసినట్టు తిరిగి వస్తాదా అని సూస్తాం. పాతదేమీ మిగలదు. ఖాళీ డిస్కుకే ఆ పరీక్ష."

"మూడోది?"

"ఒక గరిటె నెయ్యి తీసి, ఆ చోట నీళ్ళు పోసి సూసి, తుడిచి, ఆ నెయ్యి మళ్ళా ఆడే పోసేది. ఒక్కో గరిటే అట్ల సేసుకుంటా పోవాల."

"గరిటె చేతిలో ఉండంగా కరెంటు పోతే?"

వాడు నవ్వాడు. "ఆ గరిటె పాయె. అందుకే నేను ముందు నెయ్యిని వేరే కుండలోకి మారుస్తా. ఆమీదే ఏ పరీక్షయినా."

కుప్పంలో స్వర్ణలత మాకోసం గుమ్మంలోనే నిలబడి ఉంది. సర్వర్ మూత తీసి చూపించింది. లోపల రెండు డిస్కులు. ఒకదాని మీద 'పాటలు' అనీ, ఇంకోదాని మీద 'ఖాళీ' అనీ చీటీలు అతికించి ఉన్నాయి. ఆయుధపూజ నాడు పెట్టిన గంధం, కుంకుమ రెండింటి మీదా ఇంకా ఎర్రగా ఉన్నాయి.

"ఖాళీది పోయినేడు కొన్నాం సార్. ఇంతవరకు వాడనే లేదు," అంది.

"మంచిది. ముందు దానికి నీళ్ళు పోసి సూస్తా. గట్టిగా ఉంటే పాటలు దాంట్లోకి మారుస్తా," అన్నాడు నాగేంద్ర, నావైపు చూసి.

తన సీడీతో మిషన్ మొదలుపెట్టాడు. అలా మొదలుపెడితే మిషన్ తనంతట తాను డిస్కుల్లో ఏమీ రాయదట. ఖాళీ డిస్కు పరీక్షకు ఆజ్ఞ టైపు చేశాడు. ఇక ఒక్క మీట నొక్కాలి. నొక్కలేదు. ఇంకేదో టైపు చేసి, తెర మీది నంబరు చూస్తూ, టార్చి వేసి డిస్కుల రేకు మీద ముద్రించిన నంబర్లతో పోల్చుకున్నాడు.

"డిస్కు ఎంతసేపు తిరిగిందో అదే లెక్క పెట్టుకుంటాది. వాడని డిస్కన్నావు కదమ్మా, ఇది ఏండ్ల తరబడి తిరిగినానంటాండాది."

స్వర్ణలతకు అర్థం కాలేదు. ఆఫీసు ఊడ్చి తుడిచే గంగప్ప అప్పుడే టీ తెచ్చాడు.

"గంగప్పా, పూజకు వీటిని బయటికి తీసినావా?" అనడిగాడు నాగేంద్ర.

"తీయకుండా ఎట్ల సారు? దుమ్ము మీద బొట్టు పెడితే అమ్మవారు ఊరుకుంటాదా? తడిగుడ్డతో తుడిసినా. చీటీలు ఊడొస్తే అన్నం మెతుకులు పెట్టి మళ్ళా అంటిచ్చినా."

"ఏది దేనికి అంటిచ్చినావు?"

"ఏదైతే ఏముండాది? రెండూ ఒకే మాదిరి ఉండాయి కదా."

వాడి వేలు ఆ మీట మీదే ఉండింది, నేను చూశాను. గోడ పట్టుకున్నాను.

"నొక్కలేదు కదా అత్తా, కూర్చో. చీటీ చెప్పింది వినగూడదు. నీ పేరేమని డిస్కునే అడగాల," అన్నాడు. అని, తన చేతికి పట్టిన చెమట ప్యాంటుకు తుడుచుకున్నాడు.

చీటీలు మార్చి అంటించాక అసలైన ఖాళీ డిస్కుకు పరీక్ష పెట్టాడు. మధ్యాహ్నం దాటాక అది నెగ్గింది. అప్పుడు పాటల డిస్కు నుంచి కాపీ మొదలుపెట్టాడు. ఒకచోట టిక్కు, టిక్కు అని కాపీ ఆగిపోయింది.

"ఆడే రుద్దితే చస్తాది. ఆ చోటు వదిలేసి, బాగున్నదంతా ముందు తీసుకుందాం. ఆమీద మళ్ళా వస్తాం," అన్నాడు.

"ఆ వదిలిన చోట ఎవరుండారు?"

"తెలీదు అత్తా."

పొద్దు వాలుతుండగా మళ్ళీ వెనక్కి వచ్చి ఆ చోటును మెల్లగా చదివించాడు. కొంత వచ్చింది, కొంత రాలేదు. పాత డిస్కును ఇక ముట్టుకోకుండా, కాపీలోంచే రెడ్డెమ్మ పాట పెట్టాడు.

రెండో చరణం మధ్యలో మాట తెగింది. ఊపిరి పీల్చి వదిలేటంత సేపు ఏమీ లేదు. తర్వాత మళ్ళీ ఆమె గొంతు, అదే రాగంలో, ఏనుగును ఏమయ్యా పెద్దాయనా అని పిలుస్తూ. పాట అయ్యాక రికార్డు చేసేవాళ్ళు ఇంకొకటి పాడమని అడిగినట్టున్నారు.

"సాలు లేమ్మా. పొయ్యి మీద సంగటి ఉండాది, మాడిపోతే నువ్వు తింటావా?" అంది రెడ్డెమ్మ.

గంగప్ప నవ్వాడు. నాగేంద్ర ఆ పాటను తన సీడీలోకి కూడా ఎక్కించి నా చేతికిచ్చాడు.

రెడ్డెమ్మ ఆ పాట పాడింది 1999లో. 2001 కార్తీకంలో కుప్పం స్టేషన్లో బెంగళూరు రైలెక్కింది. తిరిగి రాలేదు.